ఎడ్ షీరన్ పాటలతో అరగంట ఓపెన్ మైక్: లూపర్ మీద ఏవి నిలబడతాయి, ఏవి పడిపోతాయి?

బొమ్మనహళ్లి బాలు

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్‌లో ఓ కేఫ్‌వాళ్లు వచ్చే నెల ఓపెన్ మైక్ పెడుతున్నారు. ఒక్కొక్కరు ఒక్క ఆర్టిస్టునే తీసుకుని అరగంట నడపాలి. నాకు ఇంగ్లండ్ పాప్ గాయకుడు షీరన్ వచ్చాడు. వచ్చాడంటే, జాన్ మేయర్‌ని నాకన్నా ముందే ఎవరో లాగేసుకున్నారు. గిటార్, ఒక మైకు, ఫ్రెండ్‌ని అడిగి తెచ్చుకున్న సింగిల్ ట్రాక్ లూపర్, అంటే వాయించిన ముక్కని రికార్డ్ చేసి అదేపనిగా తిప్పి వినిపించే కాలి పెడల్. అంతే సరంజామా. డ్రమ్మర్ లేడు, బేస్ లేదు.

నేను అనుకున్నవి: షేప్ ఆఫ్ యూ, పర్ఫెక్ట్, థింకింగ్ అవుట్ లౌడ్, ఫోటోగ్రాఫ్, ద ఏ టీమ్, క్యాజిల్ ఆన్ ద హిల్, చివర్లో అతను బెంగళూరు షోలో పాడిన మన తెలుగు పాట చుట్టమల్లే. అన్నీ లూపర్ మీదే లాగించేద్దామని. అతనొక్కడే స్టేడియాన్ని ఊపేస్తుంటే మనం ఓ కేఫ్‌ని ఊపలేమా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అనంతపురం సీనా

ఊపొచ్చులే అప్పా, యాలకాదు. ముందు చర్చ్ స్ట్రీట్‌లో నిలబడి ప్రాక్టీస్ చెయ్యి. ఆడ పాడతాంటే షీరన్ అంతటాయప్పకే పోలీసులు వైరు పీకేసినారు, నీ సంగతేమవుతుందో మేం చూస్తాం.

సౌండుబాక్సు

బాలూ, "అన్నీ లూపర్ మీదే" అన్నావు చూడు, అక్కడే ఆగు.

షీరన్ కాళ్ల దగ్గర ఉండేదీ నీ దగ్గర ఉన్నదీ ఒకటి కాదు. మొదట్లో అతనూ బాస్ కంపెనీ ఆర్‌సీ-30, అంటే ఎవరికైనా షాపులో దొరికే పెడలే వాడాడు. తర్వాత అతని గిటార్ టెక్నీషియన్ ట్రెవర్ డాకిన్స్ 'చ్యూయీ మాన్‌స్టా' అని ప్రత్యేకంగా ఒక పెట్టె తయారుచేసి ఇచ్చాడు. అందులో తాళం ఒక ట్రాక్, గిటార్ ఒక ట్రాక్, గొంతు ఒక ట్రాక్. కోరస్ (పల్లవి) రాగానే ఒకటి ఆపి ఇంకోటి లేపుకోవచ్చు. నీ పెడల్లో ఏం వేసినా ఒకే కుప్ప. తాళం ఉంచి గిటార్ మాత్రం తీసెయ్యడం కుదరదు.

అందుకని పాట మొత్తం ఒకే నాలుగు కార్డుల (గిటార్ మీద కలిపి మీటే స్వరాల గుంపుల) మీద తిరిగితేనే నీ లూపర్ పనికొస్తుంది. షేప్ ఆఫ్ యూ అచ్చంగా అలాంటిది: సీ షార్ప్ మైనర్, ఎఫ్ షార్ప్ మైనర్, ఏ, బీ. మొదట్నుంచి చివరిదాకా అదే చుట్టు. నాలుగో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెడితే ఏ మైనర్, డీ మైనర్, ఎఫ్, జీ షేపులతో అయిపోతుంది. పర్ఫెక్ట్ సంగతి వేరు. ఒకటో ఫ్రెట్‌లో కేపో పెట్టుకుంటే వర్స్‌లో, అంటే చరణంలో, జీ, ఈ మైనర్, సీ, డీ. కోరస్ ఈ మైనర్‌తో మొదలై వరస మారిపోతుంది. నువ్వు కోరస్‌లోకి పోతావు, వెనకాల లూపు పాత వరసలోనే తిరుగుతుంటుంది. రెండూ కొట్టుకుంటాయి. ముందు వరసలో కూర్చున్నవాళ్ల మొహాల్లో తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. మొదటి లూపు మూసేటప్పుడు కాలు మీదే అంతా ఉంది. తర్వాతి బార్ (తాళం ఆవర్తం) 'ఒకటి' పడే క్షణానికి పెడల్ నొక్కాలి. వెంట్రుకవాసి ఆలస్యమైతే ఆ కుంటినడక ప్రతి చుట్టులోనూ వస్తుంది, పాట అయ్యేదాకా నిన్ను వదలదు. చాలామంది నాలుగో దెబ్బ విన్నాక నొక్కుతారు. వినకూడదు, ఒకటో దెబ్బని నువ్వే కాలితో కొట్టాలి.

మైకుని లూపర్‌లోకి పంపకు. పోయినేడు ఇందిరానగర్‌లో ఓ కుర్రాడికి నేనే సౌండ్ చేశాను. అతను కోరస్‌కి "ఊ..." అని హార్మనీ రికార్డ్ చేసే వేళకి కౌంటర్లో కాఫీ మెషీన్ పాలు మరిగిస్తూ బుస్సుమంది. అదీ లూపులో పడింది. ఆపైన పాటంతా నాలుగు బార్లకోసారి కాపుచ్చినో వస్తూనే ఉంది.

బొమ్మనహళ్లి బాలు

అన్నా, నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు. అయితే షేప్ ఆఫ్ యూ ఒక్కటే లూపర్ మీద, మిగతావి మామూలుగా?

కరీంనగర్ కిట్టు

నాకో డౌట్. గీ మనిషిని సింగర్-సాంగ్‌రైటర్ అంటరు గదా. షేప్ ఆఫ్ యూ క్రెడిట్స్ తీసి చూడుండ్రి, ఆరుగురి పేర్లున్నయి. ఆరుగురు కూసోని రాస్తె గది సాంగ్‌రైటరా, ఫ్యాక్టరీయా? నాలుగు కార్డులు, ఆరుగురు మనుషులు. ఒక్కో కార్డుకి ఒకటిన్నర మంది పడ్డరు.

మహదేవపుర మాధవి

కిట్టూ గారూ, లెక్క బాగుంది కానీ ఆ ఆరుగురు ఒక గదిలో కూర్చోలేదు. రాసింది ముగ్గురు: షీరన్, స్టీవ్ మాక్, స్నో పాట్రోల్ బ్యాండ్‌లోని జానీ మెక్‌డెయిడ్. ఇంకెవరైనా పాడతారేమో, రియానాకి ఇద్దామా అనుకుంటూ మొదలుపెట్టిన పాట అది. 2017లో విడుదలయ్యాక ఒక చోట అమెరికన్ గర్ల్ గ్రూప్ టీఎల్‌సీ వాళ్ల నో స్క్రబ్స్ ట్యూన్ వినిపిస్తోందని మాటొచ్చింది. దాంతో ఆ పాట రాసిన ముగ్గురి పేర్లూ చేర్చారు. మూడూ మూడూ ఆరు.

అదే మనిషి ద ఏ టీమ్ ఒక్కడే రాశాడు. పర్ఫెక్ట్‌కీ రచయితగా ఒక్క పేరే ఉంది. ఆ తర్వాత బియాన్సేతో డ్యూయెట్ చేసినా, ఆండ్రియా బొచెల్లితో ఇటాలియన్ కలిపి పాడినా మూలం ఒక్కడిదే. తీగవాద్యాల అరేంజ్‌మెంట్‌లో మాత్రం అన్న మాథ్యూ చెయ్యి ఉంది.

ఇంకా చెప్పాలంటే, అతను రాసి వేరేవాళ్లకి ఇచ్చినవీ ఉన్నాయి. జస్టిన్ బీబర్ పాడిన లవ్ యువర్‌సెల్ఫ్ (2015) బెన్నీ బ్లాంకోతో కలిసి రాసిందే. వన్ డైరెక్షన్ వాళ్ల లిటిల్ థింగ్స్ (2012) ఫియోనా బెవన్‌తో కలిసి రాసింది. ఫ్యాక్టరీ అనుకుంటే ఆ ఫ్యాక్టరీకి ఓనరూ ఈయనే, కూలీ ఈయనే.

ఐనా మన సినిమాల్లో సంగీతం ఒకరిది, సాహిత్యం ఒకరిది, గానం ఒకరిది. చుట్టమల్లే తీసుకోండి: ట్యూన్ అనిరుధ్, మాట రామజోగయ్య శాస్త్రి, గొంతు శిల్పా రావు. దాన్ని మనం ఫ్యాక్టరీ అనం.

కరీంనగర్ కిట్టు

గట్ల కాదు మేడం. మనకాడ ఎవరి పని వాళ్లదని పోస్టర్ మీదనే ఉంటది. ఈయన స్టేజీ మీద ఒక్కడే నిలబడి 'అంత నేనే' అన్నట్టు కనిపిస్తడు. గది నాకు నచ్చది.

మహదేవపుర మాధవి

ఆ మాట కొంతవరకు ఒప్పుకుంటాను. స్టేజీ మీద ఒంటరితనం ఒక వేషమే, లూపర్ ఆ వేషానికి బాగా కలిసొచ్చింది. కానీ బాలూకి పనికొచ్చే సంగతి కూడా ఇందులోనే ఉంది. ఏ పాట కవర్‌కి పనికొస్తుందో తెలియాలంటే పక్కన ఎవరు కూర్చుని రాశారో చూడు.

పాటల రచయిత్రి ఎమీ వాడ్జ్‌తో కలిసి రాసింది థింకింగ్ అవుట్ లౌడ్. 2014లో ఆల్బమ్ దాదాపు అయిపోయిన దశలో ఇంట్లో ఇద్దరూ గిటార్ పట్టుకుని కూర్చుని కట్టిన పాట. పుట్టిందే ఒక గిటార్ మీద, అందుకే ఒక గిటార్ మీద నిలబడుతుంది. 2016లో సాంగ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ ఇద్దరికీ కలిపే వచ్చింది.

స్టీవ్ మాక్ చెయ్యి పడిన పాటలో అసలు ప్రాణం ఆ టింగుటింగుమనే రిఫ్, అంటే మళ్లీమళ్లీ వచ్చే చిన్న స్వరాల ముక్క. షేప్ ఆఫ్ యూలో కార్డులు వాయిస్తే పాట రాదు, ఆ రిఫ్ గిటార్ మీద గిల్లాల్సిందే. ముందు రిఫ్‌ని లూప్ చెయ్యి, కార్డుల సంగతి తర్వాత.

ఇక ద నేషనల్ బ్యాండ్‌లోని ఆరన్ డెస్నర్‌తో 2023లో చేసిన సబ్‌ట్రాక్ట్. నాకు అతని ఆల్బమ్‌లన్నిట్లో అదే ఇష్టం. స్నేహితుడు జమాల్ ఎడ్వర్డ్స్ చనిపోయాక, ఇంట్లో కష్టాలు మీదపడ్డాక వచ్చిన పాటలు అవి. కానీ కేఫ్‌లో పెట్టకు. వాటి అందమంతా వెనకాల పొరలుపొరలుగా ఉండే శబ్దంలో ఉంది. అది తీసేస్తే జనం ఫోన్లు తీస్తారు.

2011లో వచ్చిన నంబర్ ఫైవ్ కొలాబరేషన్స్ అని ఒక ఈపీ (చిన్న ఆల్బమ్) ఉంది. అందులో వైలీ, డెవ్లిన్, జేఎంఈ లాంటి, గ్రైమ్ అనే లండన్ రకం రాప్ పాడేవాళ్లు ఉంటారు. గిటార్ పిల్లాడు రాపర్ల మధ్య ఎందుకున్నాడో అర్థమైతే అతని పాటల్లో మాటల వేగం ఎక్కడిదో తెలుస్తుంది. 2019లో నంబర్ సిక్స్ వచ్చేసరికి పేర్లు పెద్దవయ్యాయి, పాటలు పల్చబడ్డాయి. ఇది నా మాట, కొట్టుకోకండి.

అనంతపురం సీనా

కొట్టుకోంలే మేడం. బ్లో పాట ఒక్కటీ వదిలిపెట్టండి, క్రిస్ స్టేపుల్టన్, బ్రూనో మార్స్ ఇద్దరూ ఉండారు దాంట్లో. ఆ గిటార్ వింటే నాకు ఒళ్లు పులకరిస్తాది.

జయనగర్ వెంకట్రావు

కిట్టు గారు "నాలుగు కార్డులు" అన్నారు కాబట్టి ఒక మాట. నేను వయొలిన్ నేర్పేవాణ్ణి, పాప్ సంగీతం నా ఇంటికి మనవడి ద్వారా వచ్చింది. అయినా థింకింగ్ అవుట్ లౌడ్ మీద నడిచిన కేసు మాత్రం శ్రద్ధగా చదివాను.

మార్విన్ గే పాడిన లెట్స్ గెట్ ఇట్ ఆన్ సహ రచయిత ఎడ్ టౌన్‌సెండ్. ఆయన వారసులు దావా వేశారు. నాలుగు కార్డుల వరస, అవి తాళం దెబ్బకి కాస్త ముందుగా పడే తీరు రెండు పాటల్లోనూ ఒకటేనన్నది వారి వాదన. 2023 మే 4న మన్‌హట్టన్ జ్యూరీ కాపీ కాదని తేల్చింది. సాక్షి బోనులో గిటార్ పట్టుకుని వాయించి చూపించాడట. నాకు ముచ్చటేసిన విషయం మరొకటి: ఒక కచేరీలో అతనే ఆ రెండు పాటలనూ కలిపి పాడిన వీడియోని అవతలి లాయర్లు సాక్ష్యంగా చూపారు. కలిపి పాడగలగడం దొంగతనానికి రుజువైతే మా రాగమాలికల వాళ్లమంతా ఈపాటికి జైల్లో ఉండాలి. మోహనలో కొత్త కృతి కట్టినవాడు పాత కృతిని ఎత్తుకెళ్లినట్టా?

షేప్ ఆఫ్ యూ మీద లండన్ హైకోర్టులో నడిచిన కేసు వేరు. అదీ 2022 ఏప్రిల్‌లో అతనికే అనుకూలంగా వచ్చింది. ఫోటోగ్రాఫ్ వివాదం మాత్రం తీర్పుదాకా పోకుండా 2017లో రాజీ అయింది.

బాలు గారికి నా సలహా ఒక్కటే. పర్ఫెక్ట్ తిశ్రంలో, అంటే మూడేసి దెబ్బలుగా నడిచే పాట. నాలుగు నాలుగుగా స్ట్రమ్ చేస్తే ఊగు పోతుంది. తకిట తకిట అనుకుంటూ కుడిచెయ్యి వదిలెయ్యండి, లూపర్ ముట్టుకోకండి.

బొమ్మనహళ్లి బాలు

గురువుగారూ, తకిట తకిట అనుకుంటూ ఇప్పుడే వాయించి చూశా. కుడిచెయ్యి దానంతటదే తేలికైపోయింది. థాంక్యూ అండీ.

మైలాపూర్ మూర్తి

చెన్నై నుంచి. కలిపి పాడటం అన్నారు కాబట్టి: 2025 ఫిబ్రవరి 5న నందనం వైఎంసీఏ గ్రౌండ్‌లో నేనున్నాను. రెహమాన్ స్టేజీ మీదకి వస్తాడని మా వరసలో ఎవరూ అనుకోలేదు. షీరన్ షేప్ ఆఫ్ యూ నడుపుతుంటే దాని మీద ఊర్వశి ఊర్వశి ఎక్కింది. మన తెలుగువాళ్లకి ప్రేమికుడు పాట. 1994 పాటకీ 2017 పాటకీ మధ్య అతుకు కనపడలేదంటే నమ్మండి. రెండూ ఒకే చుట్టు మీద గిరగిరా తిరిగే డాన్స్ పాటలు, అదీ కిటుకు. నా పక్కన ఒక తమిళ పెద్దాయన చొక్కా తడిసిపోయేలా ఎగిరాడు.

బాలూ, నీ షేప్ ఆఫ్ యూ లూపు తిరుగుతున్నప్పుడే మధ్యలో తెలుగు ఊర్వశి ఒక నాలుగు బార్లు దింపు. హెచ్‌ఎస్‌ఆర్‌లో సగం జనం మనవాళ్లేగా.

అనంతపురం సీనా

మీకు రెహమాన్ ఇచ్చినాడు, మాకు చుట్టమల్లే ఇచ్చినాడు, లెక్క సమానం. ఫిబ్రవరి 8, 9 రెండ్రోజులు నైస్ గ్రౌండ్స్‌లో షో. నేను మెట్రోలో మాదావర దాకా పోయి ఆడ దిగి నడిచినా. శిల్పా రావు వచ్చి ఎత్తుకునింది, పక్కన ఆయప్ప గిటార్ పట్టుకోని తెలుగులోనే అందుకున్నాడు. ఇంగ్లీషు దొర నోట్లో 'ళ'లూ 'ట'లూ ఎట్ల పలికినాయంటే, మా ఆఫీసులో పుట్టి పెరిగిన తెలుగు పిల్లోల్ల కంటే నయం. చుట్టూ ఉండే కన్నడమోళ్లు, హిందీవాళ్లు గూడా పాడినారు.

నాకు అర్థం కానిది ఒకటే. అదే నెల 2న రామోజీ ఫిల్మ్ సిటీలో షో చేసినాడు. ఆడ ఇయ్యాల్సిన తెలుగు పాట తెచ్చి బెంగళూరులో ఇచ్చినాడు. హైదరాబాదోళ్లు ఇప్పటికీ కుళ్లుకుంటాండారు.

కరీంనగర్ కిట్టు

కుళ్లుకునుడు కాదన్నా, కేసు వేద్దామనుకుంటున్నం.

సౌండుబాక్సు

చర్చ్ స్ట్రీట్ గురించి ముందు జోకేశారు కాబట్టి, దాంట్లోనూ పనికొచ్చేది ఒకటుంది. 9వ తారీకు పొద్దున ఫుట్‌పాత్ మీద షేప్ ఆఫ్ యూ మధ్యలో ఉండగా పోలీసాయన వచ్చి ప్లగ్ లాగేశాడు. పర్మిషన్ ఉందని షీరన్ రాశాడు, ఇవ్వలేదని పోలీసులన్నారు. ఎవరిది నిజమో మనకెందుకు. సంగీతకారుడిగా నేను చూసిందేంటంటే, ప్లగ్ పోగానే పాట పోయింది. లూపర్, మైకు, యాంప్ అన్నీ ఒకే వైరు మీద ఉన్నప్పుడు అంతే. బాలూ, నీ సెట్లో కనీసం ఒక పాట కరెంటు లేకుండా కూడా పాడగలిగేదై ఉండాలి. బెంగళూరు కరెంటు సంగతి నీకు నేను చెప్పాలా.

అలాగే పది దాటాక లౌడ్ స్పీకర్ పెట్టకూడదు, దేశమంతా ఉన్న రూలే. నీ స్లాట్ ఎన్నింటికి?

బొమ్మనహళ్లి బాలు

ఎనిమిదిన్నరకి అన్నా, ఇబ్బంది లేదు. కవర్లు పాడటానికి నేనేమైనా లైసెన్స్ తీసుకోవాలా?

సౌండుబాక్సు

ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సొసైటీ) లైసెన్స్ అని ఉంటుంది, మామూలుగా కేఫ్‌వాళ్లో నిర్వాహకులో చూసుకుంటారు. ఒకమాట అడిగి పెట్టుకో. తర్వాత యూట్యూబ్‌లో పెడితే క్లెయిమ్ పడొచ్చు, యాడ్ డబ్బులు పాట హక్కులవాళ్లకి పోతాయి. నీకు వచ్చే వ్యూస్‌కి దిగులు పడాల్సినంత ఏముండదులే.

మహదేవపుర మాధవి

బాలూ, నీ లిస్టులో ఒక లోటుంది. షీరన్ పాటలు నువ్వు కవర్ చేస్తున్నావు సరే, షీరన్ ఇతరుల పాటల్ని ఎలా కవర్ చేస్తాడో అదీ ఒకటి ఉండాలి. అతన్ని నేను ఎక్కువగా గౌరవించేది అక్కడే.

2012 లండన్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో పింక్ ఫ్లాయిడ్ విష్ యూ వర్ హియర్ పాడాడు. డ్రమ్స్ మీద స్వయానా ఆ బ్యాండ్ నిక్ మేసన్. అప్పటికి ఇతని మొదటి ఆల్బమ్ వచ్చి ఏడాది కూడా కాలేదు. 2014లో బీటిల్స్‌కి గ్రామీవాళ్లు చేసిన సత్కార సభలో ఇన్ మై లైఫ్ పాడాడు, దాదాపు ఏ మార్పూ చెయ్యకుండా. తన ముద్ర వెయ్యాలన్న తాపత్రయం కనిపించదు. ఫాయ్ వాన్స్ రాసిన మేక్ ఇట్ రెయిన్‌లో మాత్రం గొంతు చించుకుంటాడు, అది ఆ పాటకి కావాలి.

నీకు చెప్పాల్సింది వేఫేరింగ్ స్ట్రేంజర్. పాత అమెరికన్ జానపద గీతం, ఎవరి సొత్తూ కాదు. దాన్ని గిటార్ లేకుండా, తన గొంతునే లూపర్‌లో పొర మీద పొర వేసి పాడేవాడు. పాటంతా వెనకాల అదే ఝుంకారం నడుస్తుంది.

సౌండుబాక్సు

మాధవి గారూ, సరిగ్గా పట్టుకున్నారు. సింగిల్ ట్రాక్‌కి అంతకంటే నప్పే పాట లేదు, వరస మార్చాల్సిన పనే లేదు కాబట్టి. మైకు లూపర్‌లోకి వద్దన్న మాట ఈ ఒక్క పాటకి వెనక్కి తీసుకుంటా. కాకపోతే కౌంటర్లో కుర్రాడితో ముందే మాట్లాడు, ఆ రెండు నిమిషాలు మెషీన్ ఆపమని.

జయనగర్ వెంకట్రావు

నాకూ ఆ వీడియో మనవడు చూపించాడు. శ్రుతి పెట్టె బదులు తన గొంతునే శ్రుతిగా పెట్టుకున్నాడు. శభాష్ అనిపించింది.

బొమ్మనహళ్లి బాలు

చుట్టమల్లే ఎలా చెయ్యాలి? శిల్పా రావు పాడిన శ్రుతిలో నాకు పైస్థాయి అందదు. కిందికి దింపితే గిటార్ మీద బొంగురుగా వస్తోంది.

మహదేవపుర మాధవి

దింపకు. ఆ పాటలో ఆమె గొంతు మెత్తగా, ఊపిరి కలిసినట్టు ఉంటుంది, అరిచి పాడేది కాదు. పురుషుడి గొంతులో దింపి పాడితే లాలిపాటలా తయారవుతుంది. బెంగళూరు షోలో కూడా మోసింది శిల్పా రావే, అతను పక్కన కలిశాడు. నీకూ ఒక ఆడగొంతు కావాలి. ఆ రోజు శనివారమైతే నేను వచ్చి పాడతాను, నువ్వు షీరన్ పని చెయ్యి. మహదేవపుర నుంచి హెచ్‌ఎస్‌ఆర్‌కి సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటించే పూచీ మాత్రం నీదే.

అనంతపురం సీనా

మేడం, సిల్క్ బోర్డ్ పూచీ దేవుడు గూడా తీసుకోడు. మధ్యాన్నమే బయల్దేరండి.

మైలాపూర్ మూర్తి

కొత్త ఆల్బమ్ ప్లే నుంచి ఏదీ లేదేంటి? సఫైర్‌లో అర్జిత్ సింగ్ ఉన్నాడు. అర్జిత్ ఊరు జియాగంజ్ వెళ్లి అతని స్కూటర్ వెనక కూర్చుని తిరిగిన వీడియో చూసే ఉంటారు. ఆల్బమ్‌లో కొంత పని గోవాలో జరిగింది. ఆ పాటల రీమిక్స్‌ల్లో మా సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్, గాయని ఢీ కూడా ఉన్నారు. చెన్నై అభిమానం అనుకోండి.

కరీంనగర్ కిట్టు

సఫైర్‌కి డప్పు లేకపోతే సప్పగుంటది. గిటార్ ఒక్కటి పట్టుకోని చేస్తె పెండ్లిల బారాత్ ఆగిపోయినట్టే. లవ్ యువర్‌సెల్ఫ్ పెట్టుకో తమ్మీ. ఫ్యాక్టరీ అన్న గని, గా పాట మస్తుంటది. గిటారు, గొంతు, నడిమిట్ల బూర. బూర నోటితోని ఊదు.

బొమ్మనహళ్లి బాలు

సరే, ఇప్పటికి ఇలా అనుకుంటున్నా. ద ఏ టీమ్‌తో మొదలు, ఒట్టి గిటార్. తర్వాత థింకింగ్ అవుట్ లౌడ్, అదీ లూపర్ లేకుండా. లవ్ యువర్‌సెల్ఫ్, బూర నోటితో. పర్ఫెక్ట్ తకిట తకిట. అక్కణ్నుంచి వేఫేరింగ్ స్ట్రేంజర్, గొంతు లూపు. షేప్ ఆఫ్ యూ, మధ్యలో ఊర్వశి. చివర్లో మాధవి గారితో చుట్టమల్లే. ఫోటోగ్రాఫ్, క్యాజిల్ ఆన్ ద హిల్ తీసేశా. క్యాజిల్‌కి డ్రమ్స్ లేకపోతే కొండ ఎక్కట్లేదు.

కిట్టన్నా, లవ్ యువర్‌సెల్ఫ్ బూర బిట్టు స్వరాలు దొరికితే పంపు. సౌండన్నా, కేఫ్‌వాళ్ల మిక్సర్‌కి నాలుగే ఛానెళ్లు ఉన్నాయి, సరిపోతాయా?

సౌండుబాక్సు

సరిపోతాయి. మొదటిది గిటార్, లూపర్ గుండా. రెండోది నీ మైకు. మూడోది మాధవి గారి మైకు. నాలుగోది ఖాళీగా ఉంచు, వేఫేరింగ్ స్ట్రేంజర్ కోసం లూపర్‌లోకి పోయే రెండో మైకు దానికి. గిటార్ సౌండ్‌హోల్‌కి రబ్బరు మూత ఒకటి కొనుక్కో, చిన్న గదిలో ఫీడ్‌బ్యాక్ కుయ్యిమంటుంది. కొత్త బ్యాటరీ వెయ్యి. సౌండ్ చెక్‌కి ఆరింటికల్లా వచ్చెయ్, జనం నిండాక అడిగితే నేనేం చెయ్యలేను.